తథాస్తు దేవతలకు భయపడి

పోయినేడాది దసరా సెలవుల్లో ఒక రాత్రి, రెండు దాటాక, మావాడు, నా చిన్నప్పటి స్నేహితుడు, ఊపిరికి సాయంగా గాలిని లోపలికి నెట్టే బైపాప్ మిషన్ మాస్కు పక్కకి తీయించుకుని అడిగాడు. "నేను పోయినంక ఈ మిషన్ ఎవరికిస్తర్రా?"

ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది. "ఛీ, అవేం మాటలురా. తథాస్తు దేవతలుంటరు. నీకేం కాదు."

వాడు నా వంక కాసేపు చూశాడు. తర్వాత "గోడ దిక్కు తిప్పు" అన్నాడు. తిప్పాను. మాస్కు మళ్లీ పెట్టి, పట్టీలు సరిచేసి, పక్క మంచం మీద వాలాను. ఇద్దరికీ నిద్ర పట్టలేదని ఇద్దరికీ తెలుసు. తెల్లారేదాకా ఒక్క మాట లేదు.

ఆ రాత్రి నేను చేసింది తప్పు. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మంచంలో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని, "ధైర్యంగా ఉండు, తగ్గిపోతుంది" అని చెప్పి, బయటికొచ్చాక గుమ్మం దగ్గర కళ్లు తుడుచుకునే మంచి మనుషులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లని నొప్పించాలని కాదు. కానీ ఆ మాట లోపల పడుకున్నవాడిని ఏం చేస్తుందో నేను దగ్గర్నుంచి చూశాను. రాయమని వాడే అన్నాడు. పేరు మాత్రం వద్దన్నాడు.

మాది కాజీపేట. మావాడి బాపుది జంక్షన్‌కి దగ్గర్లోనే సైకిల్ షాపు. ఒకటో తరగతి నుంచి మేమిద్దరం ఒకే బెంచి. వాడు మెట్లెక్కేటప్పుడు వెనకబడేవాడు, ఊరికే పడిపోయేవాడు. కింద కూర్చుంటే లేవడానికి ముందు రెండు చేతులూ నేలకి ఆనించి, తర్వాత మోకాళ్ల మీద పెట్టి, తర్వాత తొడల మీదికి జరుపుకుంటూ, తన ఒంటి మీదికి తానే ఎక్కుతున్నట్టు లేచేవాడు. పిల్లలం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. విలియం గోవర్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు 1879లోనే ఆ లేవడాన్ని వివరంగా రాశాడని, దానికి ఆయన పేరే ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిక్కలు మాత్రం వయసుకి మించి బలంగా కనిపించేవి. "పహిల్వాన్ పిక్కలు" అని వాళ్ల తాత మురిసిపోయేవాడు. అది కండ కాదు, కండ పోయిన చోట చేరిన కొవ్వు.

2001లో హైదరాబాద్ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయిస్తే, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే అనే ఎంజైమ్, మామూలుగా రెండు వందలు దాటనిది, పదిహేను వేల పైన వచ్చింది. డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ. మూడున్నర వేల నుంచి ఐదు వేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. కండరాల కణాలని నిలబెట్టే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారు కాదు. ముందు కాళ్లు పోతాయి, తర్వాత చేతులు, తర్వాత ఊపిరి తీసే కండరాలు, గుండె. ఆరో తరగతిలో వాడు చక్రాల కుర్చీలోకి వచ్చాడు. వాళ్ల బాపు ఆ కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి, వెనక నేను తోయడానికి నా ఎత్తుకి సరిపోయే హ్యాండిల్ పెట్టాడు. నేను ఎత్తు పెరిగినప్పుడల్లా ఆ హ్యాండిల్ కూడా పైకి జరిగేది.

ఈ జబ్బు గురించి నాకు అర్థమయ్యేలా చెప్పింది డాక్టర్లు కాదు, వాడే. డిస్ట్రోఫిన్‌ని తయారుచేసే జన్యువులో 79 ముక్కలుంటాయి, వాటిని ఎక్సాన్లు అంటారు. పట్టాల పక్కన పెరిగినవాడు కదా, వాడికి అది 79 బోగీల బండి. "మనిషిల ఉన్న జన్యువులన్నిట్ల ఇదే పెద్ద బండి. నా బండిల 48, 49, 50 బోగీలు లేవు. మూడు బోగీలు లేకుంటే ఏమైతది, బండి నడుస్తది. కానీ 47 వెనక కొక్కేనికి 51 కొక్కెం కలుస్తలేదు. ఆడ్నే తెగిపోయింది." బోగీలు పోయినా కొక్కేలు కలిసినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లది బెకర్ రకం, చాలా ఏళ్లు నడుస్తారు. 51ని కూడా దాటేయిస్తే 47కి 52 కలుస్తుంది. సరిగ్గా ఆ పని చేసే మందుకి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. దాంతో తయారయ్యే ప్రోటీన్ ఉండాల్సిన దాంట్లో ఒక శాతం కూడా లేదు, ఖర్చేమో ఏడాదికి కోట్లలో. అప్పటికి వాడికి ఇరవై ఒక్కేళ్లు. మందు కాపాడడానికి చేతుల్లో కండే మిగల్లేదు.

ఇవన్నీ ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. తన జన్యువులో ఏ ముక్క లేదో తెలిసిన మనిషికి మనం "తగ్గిపోతుంది" అని చెబుతున్నాం. ప్రమాదం జరిగినవాడు కోలుకోవచ్చు, క్యాన్సర్ వచ్చినవాడికి మందు పనిచేయొచ్చు. పుట్టుకతో వచ్చిన ఈ జబ్బు దారి మాత్రం మొదటి నుంచీ తెలిసిందే. ఆ దారిలో ఏ స్టేషన్ ఎప్పుడొస్తుందో ఇంట్లో అందరికంటే ఎక్కువగా వాడికే తెలుసు. వాడి ముందు మనం తెలియనట్టు నటిస్తుంటే, మనతో కలిసి వాడూ నటించాలి. అసలే ఊపిరి అందనివాడికి ఆ పని కూడా పెడుతున్నాం.

ఆ దసరా తర్వాత రెండు వారాలకి మళ్లీ వెళ్లాను. ఈసారి నేనే ఎత్తాను. "ఆ రోజు మిషన్ గురించి అడిగినవ్. నేను జవాబు చెప్పలే. తప్పైపోయింది." వాడు చాలాసేపు ఊరుకుని, నాకు ఇప్పటిదాకా చెప్పని ఒక సంగతి చెప్పాడు.

2004 డిసెంబరులో, మేం నాలుగో తరగతిలో ఉండగా, కొలవెన్ను వెంకటేశ్ గురించి పేపర్లన్నిట్లో వచ్చింది. హైదరాబాద్‌లో ఉండేవాడు, చెస్ ఆటగాడు, ఇరవై ఐదేళ్లు. ఇదే జబ్బుతో ఆస్పత్రిలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. తన అవయవాలు పాడవకముందే తీసుకుని అవసరమైనవాళ్లకి ఇవ్వాలని కోరాడు. ఆ కోరిక తీర్చమని వాళ్లమ్మ సుజాత గారు హైకోర్టుకి వెళ్లారు. చట్టం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. ఆ నెలలోనే అతను చనిపోయాడు. ఆ రోజు మావాడి బాపు షాపులో పేపరు మడిచి టూల్‌బాక్సు అడుగున పెట్టాడు, కొడుకు చూడకూడదని. మావాడు అప్పటికే చూసేశాడు. "ఫోటో చూసిన. కింద నా రోగం పేరే ఉన్నది. వయసు చూసిన, లెక్క చేసిన. ఇంక పదహారేండ్లు అనుకున్న."

తొమ్మిదేళ్ల పిల్లాడు చేసిన లెక్క. ఇరవై ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెబితే ఏడుస్తుంది. బాపుకి చెబితే ఆ రోజు షాపు మూసేస్తాడు. నాకు ఎందుకు చెప్పలేదురా అంటే, "నువ్వు గూడ ఏం కాదు అంటవని" అన్నాడు. నేను అదే అన్నాను కదా.

మరణం మాట ఎత్తితే మరణం వస్తుందన్న భయం మన ఇళ్లలో ఎంత లోతుగా ఉందో నాకు తెలుసు. అశుభం పలకొద్దంటారు, దీపాలు పెట్టే వేళ ఆ మాటలేంటంటారు. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను, నేనూ అందులోనే పెరిగాను. కానీ ఆ తథాస్తు దేవతలకి భయపడి మనం మూయించేది ఎవరి నోరు? మనం ఆ భయంతో ఇంటికి వెళ్లిపోతాం, వాడు దాంతోనే ఆ గదిలో ఉండిపోతాడు. మనం చెప్పే ధైర్యంలో సగం మన కోసమే.

"ఆశ లేకుండా మనిషి ఎలా బతుకుతాడు?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆశ ఉండాలి, కానీ అది ఎవరి ఆశ అన్నదే నా ప్రశ్న. వాడికి ఆశలు బోలెడున్నాయి. పొద్దున తలనొప్పి లేకుండా లేవాలి. తన దగ్గర లెక్కలు నేర్చుకుంటున్న పక్కింటి అమ్మాయికి పదో తరగతిలో మంచి మార్కులు రావాలి. 2023 జూలైలో ప్రధాని శంకుస్థాపన చేసిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్ నుంచి మొదటి బండి బయటికొచ్చే రోజు చూడాలి, కనీసం చప్పుడు వినాలి. రాత్రిళ్లు నిద్ర పట్టనప్పుడు పట్టాల మీద వెళ్లే ఇంజిన్ ఏదో చప్పుడు విని చెప్పేస్తాడు. పాత ఆల్కో డీజిల్ ఇంజిన్ల ఘుటఘుట ఇప్పుడు అరుదైపోయిందని వాడి బాధ. ఆ ఆశల్లో మనకీ చోటుంది. మన ఆశ తీసుకెళ్లి వాడి మీద కప్పితేనే వాడికి ఊపిరాడదు.

2023లో అమెరికాలో ఈ జబ్బుకి జన్యుచికిత్స వచ్చింది. ఒక్క డోసు 32 లక్షల డాలర్లు, మొదట అనుమతి వచ్చింది నడవగలిగిన నాలుగైదేళ్ల పిల్లలకి మాత్రమే. ఆ వార్తని వాడికి వాట్సాప్‌లో పంపినవాళ్లు పదిహేడు మంది. వాడు లెక్కపెట్టాడు. అందరికీ ఒక్క వేలితో "థాంక్స్ అన్నా", "థాంక్స్ అక్కా" అని టైపు చేశాడు. ఒక్కో జవాబుకి వాడికి ఎంతసేపు పడుతుందో పంపినవాళ్లకి తెలియదు. ఇంతకంటే నాకు ఎక్కువ కోపం తెప్పించేది మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్ల బేరం. ఒకప్పుడు వాళ్ల బాపు ఉన్న ఒక్క ప్లాటూ అమ్మి అలాంటి ఒక చోట డబ్బు కట్టాడు. లేచి నడుస్తాడన్నారు. రక్తానికి సంబంధించిన జబ్బుల్లాంటి కొన్నింటికి తప్ప మూలకణాలని చికిత్సగా వాడకూడదని మన దేశపు వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఆ సంగతి సైకిల్ షాపు దాకా ఎవరు తెచ్చి చెప్పాలి? చదువుకున్న స్నేహితులం మేమే చెప్పాలి. నేనప్పుడు ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. ఆ మూడేళ్లు నేను సరిగ్గా ఫోన్ కూడా చేయలేదు. ఆ ప్లాటు గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

సరే, అబద్ధం చెప్పకూడదు. మరి ఏం చేయాలి?

పని నేర్చుకోవాలి. నా అనుభవంలో దీన్ని మించిన జవాబు లేదు.

శనివారం సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాజీపేట వెళ్తాను. ఆ రాత్రి వాళ్లమ్మకి సెలవు. ఇరవై ఏళ్లుగా ఆమె ఒక్క రాత్రి కూడా రెండు గంటలకి మించి ఏకధాటిగా నిద్రపోలేదు. వాడు తనంతట తాను పక్కకి ఒత్తిగిలలేడు. మనం నిద్రలో తెలియకుండా ఎన్నిసార్లు కదులుతామో, అన్నిసార్లూ వాడిని ఎవరో ఒకరు కదిలించాలి. మొదట్లో నేను తిప్పితే ఏదో ఒకటి తేడాగా ఉండేది. వాడే నేర్పాడు. ముందు మోకాళ్లు మడవాలి. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి రెండూ ఒకేసారి తిప్పాలి, లేకపోతే వంగిపోయిన వెన్ను మెలిపడుతుంది. రెండు మోకాళ్ల మధ్య పల్చటి దిండు. మడమ పరుపుకి తగలకుండా కింద మడత పెట్టిన టవల్. చివర్న చెవి. తల దిండు మీద పెట్టేటప్పుడు కింది చెవి ముందుకి మడత పడిపోతుంది. మనకైతే మనమే సర్దుకుంటాం. వాడు ఆ మడతపడ్డ చెవితో గంటసేపు మంటని ఓర్చుకుని, మళ్లీ తిప్పే టైము కోసం చూస్తాడు, ఎవర్నీ లేపడం ఇష్టంలేక. ఇప్పుడు నా వేలు నాకు తెలియకుండానే చెవి వెనక్కి వెళ్తుంది. నేను వాడికి చెప్పిన ధైర్యాలన్నీ కలిపినా ఆ ఒక్క వేలు చేసే పనికి సరిపోవు.

ఇంకో సంగతి అందరికీ తెలియాలి, ఎందుకంటే దానివల్ల ప్రాణాలు పోతాయి. ఈ జబ్బులో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి, వాటిని ఆడించే కండరాలే అలిసిపోతాయి. అందుకని లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు. పొద్దున లేవగానే తలనొప్పి, పగలంతా మత్తు, ఇవే దాని గుర్తులు. అలాంటివాడికి గాలిని లోపలికి నెట్టే మిషన్ కావాలి. ఆక్సిజన్ ఒక్కటే పెడితే వేలికి తగిలించిన మీటరులో ఆక్సిజన్ 98 కనిపిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతూ మనిషి మెల్లగా స్పృహ తప్పిపోతాడు. రెండేళ్ల కింద ఒక ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఇదే జరిగింది. ఆక్సిజన్ గొట్టం పెట్టి, "సాచురేషన్ బాగుంది" అన్నారు. వాడు మాట్లాడలేకపోతున్నాడు. వాళ్లమ్మ ఇంటి నుంచి బైపాప్ చంకలో పెట్టుకుని ఆటోలో తెచ్చి, పెట్టమని గొడవపడింది. చదువురాని ఆ మనిషి చెప్పిందే నిజమైంది. ఇప్పుడు వాడి మంచం పైన గోడకి పెద్ద అక్షరాలతో ఒక కాగితం ఉంది: ఆక్సిజన్ ఒక్కటే పెట్టకండి, బైపాప్‌తో కలిపే. కింద ఇంకో లైను: మత్తు ఇవ్వాల్సివస్తే సక్సినైల్‌కోలిన్ అనే మందు వద్దు. దాని ఫోటో మా ఇద్దరి ఫోన్లలో, వాళ్లక్క ఫోన్లో ఉంది.

ప్రభుత్వం గురించి కూడా ఒక మాట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఈ జబ్బు ఉంది. 2021లో అరుదైన జబ్బులకి జాతీయ విధానం వచ్చింది, సాయం పరిమితి తర్వాత 50 లక్షలకి పెంచారు, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆస్పత్రి కలిపి ఒక కేంద్రం కూడా ఉంది. మంచిదే, చిన్నపిల్లలకి ఉపయోగపడాలి. కానీ చివరి దశలో ఉన్నవాడికి కావాల్సింది కోట్ల మందు కాదు. బైపాప్, కరెంటు పోతే నడిచే ఇన్వర్టర్, ముక్కు మీద పుండు పడని మాస్కు, నెలకోసారి ఇంటికొచ్చే నర్సు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి 2024 నుంచి 15,000 ఇస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ మంచం ఒకటే. ఈ తేడా నాకు మింగుడుపడదు.

పాలియేటివ్ కేర్, అంటే జబ్బు తగ్గకపోయినా బాధ తగ్గించే వైద్యం, క్యాన్సర్‌వాళ్లకే అని మేమూ అనుకున్నాం. కాదు. ఆయాసం ఎక్కువైనప్పుడు నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌ని చాలా తక్కువ మోతాదులో ఇస్తే ఊపిరి కోసం పడే ఆ పెనుగులాట తగ్గుతుంది. మార్ఫిన్ పేరు వినగానే వాళ్ల బాపు వణికిపోయాడు. డాక్టరు ఆయన పక్కన కూర్చుని ఎంత, ఎప్పుడు, ఎందుకు అని నెమ్మదిగా చెప్పాక ఒప్పుకున్నాడు. మొదటి రోజు అది వేసుకున్నాక వాడు అన్న మాట: "చాతి మీదికెంచి ఎవరో దిగినట్టయింది."

ఇక చివర్లో ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం సంగతి. చాలామంది నాతో గొడవపడేది దీని గురించే.

వాడి గుండె ఇప్పుడు మామూలుగా తోయాల్సిన రక్తంలో సగం కూడా తోయడం లేదు. ఒక రోజు బైపాప్ సరిపోదు. అప్పుడు గొంతుకి రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టొచ్చు. అది కోరుకునేవాళ్లు ఉన్నారు, అలా ఏళ్లు బతికినవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల హక్కు. మావాడు వద్దనుకున్నాడు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని చెప్పి, ముందస్తుగా రాసిపెట్టుకునే వీలు కల్పించింది. మొదట పెట్టిన పద్ధతి ఎంత కష్టంగా ఉందంటే మేజిస్ట్రేట్ సంతకం కావాలి. 2023 జనవరిలో దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసరు చాలు. మాట్లాడలేని స్థితి వచ్చినప్పుడు ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు చూసి నిర్ణయిస్తాయి. ఇది మందిచ్చి ప్రాణం తీసే కారుణ్య మరణం కాదు, ఎవరూ ఎవర్నీ చంపడం లేదు. వద్దన్న చికిత్సని బలవంతంగా చేయకపోవడం, అంతే. వెంకటేశ్ అడిగింది వేరే. కానీ నా శరీరం గురించి నన్ను అడగండి అన్నది మాత్రం ఒకటే.

వాడు ఈ మాట ఎత్తినప్పుడు నేను ఒప్పుకోలేదు. వారం రోజులు వాదించాను. "ఇంకో మూడేళ్లు వచ్చేదాన్ని ఎందుకు వదులుకుంటవ్?" వాడు అన్నాడు: "ఆ మూడేండ్లు నీకు కావాల్నా నాకు కావాల్నా?" దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ల బాపు "నా బిడ్డ సావు నా ఇంట్ల రాయిస్తరా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం చివరికి వచ్చి కాగితం చదివించుకుని విన్నది. గొంతుకి రంధ్రం వద్దు. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కొద్దు. ఆయాసం తెలియకుండా మందు ఇవ్వండి. వీలైతే ఇంట్లోనే. కళ్లు దానం చేయండి. అంతా విని, "నా ఒళ్లెనే ఉండనియ్యమని గూడ రాయి బిడ్డా" అంది. రాశాను. నోటరీ ఇంటికొచ్చాడు. వాడి ఎడమ బొటనవేలు ఇంకు ప్యాడ్ మీద పెట్టింది నేనే. నొక్కడానికి వాడి దగ్గర బలం లేదు. "నువ్వు నొక్కకు, నేనే నొక్కుత" అన్నాడు. చాలాసేపు పట్టింది. ముద్ర పల్చగా పడింది, కానీ వాడిదే.

ఆ తల్లి గురించి చెప్పకపోతే ఇది పూర్తి కాదు. ఆమె చేసుకున్నది మేనమామని. కొడుక్కి జబ్బు తెలిసిన రోజు నుంచి ఊరు ఊరంతా "మేనరికం చేసుకుంటే గిట్లనే" అంది. డుషెన్‌కి మేనరికంతో సంబంధం లేదు. మేనరికాల్లో బయటపడే జబ్బులు వేరు, వాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పాడైన కాపీలు కావాలి. ఇది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండే జబ్బు, మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. ఆమె ఎవర్ని పెళ్లాడినా ఇదే ప్రమాదం ఉండేది. దాదాపు మూడో వంతు పిల్లల్లో తల్లిలో కూడా లోపం ఉండదు, కొత్తగా పుడుతుంది. ఆమె పరీక్షలో మాత్రం లోపం ఉందని తేలింది. "అయితే నా నుంచే వచ్చింది కదా" అని ఒకటే మాట. ఎవరెన్ని చెప్పినా వినలేదు. వాడు ఒక రోజు పిలిచి అడిగాడట. "అమ్మా, నీ కండ్లు నాకొచ్చినయి. అవి గూడ నువ్వు కావాలని ఇచ్చినవా?" ఆమె ఈ మాట నాకు వంటింట్లో చెప్పింది, పప్పు రుబ్బుతూ, నా వైపు చూడకుండా. ఇలా లోపం మోసే తల్లులకి కూడా గుండె బలహీనపడే అవకాశం ఉంటుందని చదివి, ఆమెకి ఎకో చేయించేదాకా వాడు ఊరుకోలేదు. వాళ్లక్కకి పెళ్లికి ముందే పరీక్ష చేయించాడు, ఆమెకి లోపం లేదు. ఇన్నేళ్లలో ఒకరిని చూసుకున్నదెవరో చూడబడిందెవరో నాకు ఇప్పటికీ లెక్క తేలదు.

ఇదంతా చదివి ఎవరైనా వెళ్లి మంచంలో ఉన్నవాళ్ల దగ్గర చావు గురించి మొదలుపెడతారేమోనని నాకు భయంగా కూడా ఉంది. అది వద్దు. వాళ్లు తలుపు తీస్తే మూయకండి అంటున్నాను, తలుపు బద్దలుకొట్టమనడం లేదు. వాడు కూడా కొన్ని రోజులు "ఇయ్యాల రోగం ముచ్చట వద్దు" అంటాడు. ఆ రోజు రైళ్లే, క్రికెట్టే. కొందరు చివరిదాకా ఆ మాట ఎత్తకుండానే వెళ్లాలనుకుంటారు, వాళ్ల ఇష్టం. జలుబుంటే అసలు వెళ్లకండి, మనకి జలుబు, వాళ్లకి న్యుమోనియా. పదిమంది ఒకేసారి వెళ్లకండి. వెళ్తానన్న రోజు మాత్రం తప్పకండి. నేను ఒక శనివారం ఆఫీసు పని పడి వెళ్లలేదు, ఫోన్ కూడా లేటుగా చేశాను. వాడు ఏమీ అనలేదు కానీ ఆ రోజు మధ్యాహ్నం నుంచే గడ్డం గీయించుకుని కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

మిషన్ ఎవరికి అన్న ప్రశ్నకి జవాబు దొరికింది. జనగామ దగ్గర ఒక అబ్బాయి, పదహారేళ్లు, ఇదే జబ్బు. పొద్దున తలనొప్పులు మొదలయ్యాయి. మావాడే ఫోన్లో వాడితో మాట్లాడుతున్నాడు, నెలకి రెండుమూడుసార్లు. మిషన్ ఇచ్చినా ప్రెషర్లు డాక్టరే మార్చాలని, పాత సెట్టింగు మీద వాడొద్దని ముందే చెప్పాడు. పోయిన శనివారం రాత్రి నాతో ఒక కాగితం రాయించాడు, మిషన్ డబ్బాలో పెట్టడానికి. మాస్కు కొత్తది కొనుక్కో, నాది నీకు సరిపోదు. ఫిల్టర్ నల్లబడకముందే మార్చు. నీళ్ల డబ్బాలో కాచి చల్లార్చిన నీళ్లే పొయ్యి. కరెంటు పోతే గాభరాపడకు, ఇన్వర్టర్ మీదికి మారడానికి రెండు సెకన్లు పడుతుంది. ముక్కు మీద ఎర్రబడితే ఆ రోజే చెప్పు, దాచుకోకు. తిప్పేటప్పుడు చెవి మడత పడకుండా చూడమను.

మధ్యమధ్యలో మాస్కు పెట్టించుకుంటూ, ఊపిరి తీసుకుంటూ, గంటన్నర చెప్పాడు. అయిపోయాక మొత్తం చదివించుకుని విన్నాడు. నేను పేజీ చివరిదాకా రాసేశానేమోనని, "కింద జాగ ఉన్నదా?" అని అడిగాడు. ఉంది, నాలుగైదు లైన్లు పడతాయి అన్నాను.

"అది గట్లనే వదిలెయ్. ఆ పోరడు గూడ ఏమన్న రాస్తడు, ఎనుకొచ్చేటోళ్లకు."